పై పెదవి అతికే నెల

పుంగనూరు రోడ్డు మీద మేము పనిచేసే టమాటా నారు నర్సరీ. పొద్దున్నే గేటు దగ్గర అందరి ముందరా మేనేజరు గిరీష్, మాతో కూలి చేసే రేఖ చంకలోని పసిబిడ్డను చూసి నవ్వాడు.

"గ్రహణం పూట కత్తిపీట ముట్టినావా? అనుభవించు మరి!"

బిడ్డ పై పెదవి చీలి ఉంది. పాలు పట్టుకోలేక గుక్కపెట్టి ఏడుస్తోంది. రేఖ బిడ్డ మొహం మీదికి కొంగు లాక్కుంది. అత్తింట్లోనూ అదే మాట. నిజం చెప్పొద్దూ, కూలోళ్లం మాలో సగం మందిమీ అలాగే అనుకున్నాం. గ్రహణం మొర్రి అని పేరే పెట్టుకున్నాం కదా!

మధ్యాహ్నం మేం సద్దులు విప్పుకున్న చోటికి, బిడ్డను చూసిపోదామని మా ఊరి నర్సు మమత వచ్చింది.

"గ్రహణం పట్టినప్పుడు నీకు ఎన్నో నెల రేఖా?"

"ఆరో నెలక్కా."

"బిడ్డకి పై పెదవి అతికేది రెండో నెల్లో. అప్పటికి బిడ్డ సిక్కుడు గింజంత ఉంటాది. రెండు పక్కల నించీ కండ పెరిగి నడుమ కలవాల. అప్పుడే కలవకుండా పోయిందాన్ని, ఆరో నెల్లో వచ్చిన గ్రహణం ఎట్ల సీలుస్తాది?"

రేఖ వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఆ నింద మోసింది మరి.

"అయితే యాల ఇట్లయింది?" మాలో పెద్దది నాగమ్మ అడిగింది.

"ఇదొక్కటే అని నేను సెప్పలేనమ్మా. వంశంలో ఉండొచ్చు, తిండి సాలక ఉండొచ్చు. కొన్ని మందులూ అంతపని చేస్తాయి. ఆ నెల్లో ఈమె యాడుండింది?"

ఎక్కడుంటుంది! మాతోపాటు నారు పెంచే వలల షెడ్డులో, ఆ నెట్ హౌస్‌లోనే. పురుగుమందు కొట్టీ కొట్టకముందే, ఆకుల తడి ఆరకుండానే మమ్మల్ని లోపలికి తోలేవాళ్లు. వట్టి చేతులతో నారు ట్రేలు మోసేవాళ్లం.

మర్నాడు మందు కొట్టారు. మేం గేటు దగ్గరే నిలబడ్డాం.

"తడి ఆరేదాకా లోపలికి రాము. కూలి కొయ్యగూడదు" అంది నాగమ్మ.

గిరీష్ తక్కువవాడా? "సరే, కడుపుతో ఉండేవాళ్లు ఇంటికి పోండి. మిగతావాళ్లు లోపలికి నడవండి" అన్నాడు.

కడుపుతో ఉన్న ఇద్దరు పక్కకు జరిగారు. గుంపు విడిపోతోంది. ఎన్నడూ నోరెత్తని రేఖ అప్పుడు అరిచింది.

"రెండో నెల్లో నాకే తెలీలా సార్, కడుపుతో ఉండానని! ఎండకి నెల తప్పిందేమో అనుకుంటి. వీళ్లల్లో ఎవురు ఉండారో నువ్వు ఏరగలవా?"

పక్కకు జరిగిన ఇద్దరూ వెనక్కి వచ్చేశారు. ఒక్కరమూ కదల్లేదు.

గిరీష్ ఫోన్లు చేశాడు. పోలీసు జీపు వచ్చింది. "రెచ్చగొట్టేది నువ్వేనా?" అంటూ నాగమ్మను రెక్క పట్టి ఎక్కించుకుపోయారు. జీపు వెళ్లగానే బైరెడ్డిపల్లె నుంచి కొత్త కూలీల వ్యాను వచ్చి ఆగింది. రేఖ బిడ్డతో దానికి అడ్డం నిలబడింది.

"అమ్మా, లోపల మందు తడి ఆరలేదు. మీలో ఎవురికన్నా ఇది రెండో నెలేమో. మీకే తెలిసుండదు."

వాళ్లు వ్యానులోనే గుసగుసలాడుకున్నారు.

"దిగండి, లోపలికి పదండి!" గిరీష్ కేకలేశాడు.

దిగారు. అందరూ దిగారు. మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉన్న ఒక పిల్ల, నెట్ హౌస్ వైపు కాక, రేఖ దగ్గరికి నడిచింది.

"ఆ పెద్దామెను తీసుకుపోయిన స్టేషన్ యాడుండాదక్కా?"

వాళ్లూ మేమూ, అందరం స్టేషన్ వైపు రోడ్డెక్కాం.