మట్టి మంద

శ్రీశైలమ్మకు భయపడటానికి కారణం అక్కర్లేదు, కాస్త తీరిక దొరికితే చాలు. కూతురు చెంచులక్ష్మి బడిలో చేరినప్పటి నుంచి ఆ తీరిక కూడా అవసరం లేకుండా పోయింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మూడో ఏడు ఆ పల్లెకు బడి వచ్చింది. కంభం రోడ్డు దిగి కాలిబాటన లోపలికి వస్తే, గొర్రెల వాళ్ల గుడిసెలకూ సేద్యగాళ్ల ఇళ్లకూ నడుమ ఉన్న, బోదగడ్డి కప్పిన కొట్టమే బడి. పక్కనే ఒక చిన్న గది, అందులో మార్కాపురం నుంచి వచ్చిన దయామణి టీచరమ్మ కాపురం. ఆమె పిల్లల్ని వరసగా కూచోబెట్టి అరిపించే మనిషి కాదు. ఏ పాఠమైనా చేతులతో చేయించేది. పొద్దుగూకే వేళ ఇంటికొచ్చి చెంచులక్ష్మి ఆ ముచ్చట్లన్నీ తల్లికి చెప్పేది.

"అమా, ఈ పొద్దు తకిలీ తిప్పినాం. దూదిలోంచి నూలు వచ్చింది!"

"తకిలీకి మొన ఉంటాదే! కంట్లో పొడుచుకుంటే?"

"కంట్లో యాడ పొడుచుకుంటారమా, చేత్తో తిప్పుతారు."

"నీ చేతిలోది సరే. పక్క పిల్ల చేతిలోది నీ కంటికి రాదా?"

ఇంకో రోజు బడి వెనక మడి కట్టి గోరుచిక్కుడు వేశామని చెప్పింది. మడికి రాళ్లు ఏరారంటే రాళ్ల కింద తేళ్లుంటాయి కదా అని శ్రీశైలమ్మ కూతురి వేళ్లన్నీ దీపం కాడికి పట్టి చూసింది. డబ్బా పెట్టి వాన ఎంత పడిందో కొలిచామని చెప్పిన నాడు తల తుడిచి, మిరియాల కషాయం తాగించేదాకా వదల్లేదు.

"మీ అమ్మకు అన్నీ చెప్పబాకమ్మే," అని నవ్వేవాడు ఆమె మొగుడు ఓబులయ్య. "సుద్దముక్క పట్టుకున్నానంటే చాలు, అది మింగితే ఏమైతాదని కంభం ఆస్పత్రికి బండి కట్టమంటాది."

అంత భయంలోనూ ఆ పిల్లను బడికి పంపింది మాత్రం శ్రీశైలమ్మే. గిద్దలూరు పక్కన పుట్టింట్లో ఆమె రెండో తరగతి దాకా చదివింది. తమ్ముడు పుట్టాడు, ఉయ్యాల ఊపడానికి మనిషి కావాల్సి వచ్చింది, అంతటితో పలక అటక ఎక్కింది. ఇప్పటికీ బస్సు మీద రాసిన ఊరిపేరు కూడబలుక్కొని చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది. అయినా చదువుతుంది.

ఒకనాడు టీచరమ్మ పిల్లలకు ఒక పని చెప్పింది. వచ్చే శనివారం ఒక్కొక్కరూ నిలబడి తమ ఇంట్లో ఏ పని ఎట్లా చేస్తారో చెప్పాలి, చూపించడానికి ఏదైనా తేవాలి, అమ్మానాన్నలు కూడా రావాలి. ఆ మాట అన్నదో లేదో, సేద్యగాళ్ల పిల్లవాడు రంగనాయకులు ఎద్దులెన్నో ఆవులెన్నో గడగడా చెప్పేసి, చెంచులక్ష్మి వైపు తిరిగాడు.

"మీకు గొర్రెలెన్ని ఉండయో చెప్పు చూద్దాం."

"తెలీదు."

"గొర్రెలోళ్ల పిల్లకు గొర్రెలెన్నో తెలీదంట! రేపు సగం తోడేలు ఎత్తుకపోయినా తెలీదు పాపం."

ఆ పిల్లకు రోషం వచ్చింది. సాయంత్రం మంద ఇంటికి వచ్చేసరికి దొడ్డి వాకిట్లో రాయెక్కి నిలబడి, వేలు చూపిస్తూ "ఒకటి, రెండు, మూడు..." అని మొదలుపెట్టింది. నీళ్లకుండ దించుతున్న శ్రీశైలమ్మ కుండ అక్కడే వదిలేసి పరుగున వచ్చి కూతురి నోరు మూసింది.

"మందను లెక్కబెడతారంటే! నీకేం పుట్టింది?"

వాళ్ల ఇళ్లల్లో అది లేదు. ఊరందరి గింజలు లెక్కబెట్టినా తమ గొర్రెల్ని అంకె పెట్టి నోటితో అనరు. అంటే దిష్టి. దిష్టి తగిలితే ముందు పోయేవి గొర్రెపిల్లలే.

"మరి అన్నీ వచ్చినాయని నాయనకు ఎట్ల తెలుస్తాది?"

"మొగాలు చూస్తాడు. నేను నిన్ను లెక్కబెట్టి చూసుకుంటాండానా?"

మర్నాడు చెంచులక్ష్మి ఈ సంగతి చెబితే టీచరమ్మ నవ్వలేదు. "అంకె వద్దులే. మీ గొర్రెపిల్లల్ని మట్టితో చేసి తీసుకురా," అంది. ఇక తరగతంతా ఆ పనిలో పడింది. ఒకరు వాగువంక ఒడ్డు నుంచి మట్టి తెచ్చారు, ఒకరు పిసికారు. ఏటేటా మట్టెద్దుల అమావాస్యకు ఎద్దుల్ని చేసే చెయ్యి కాబట్టి కాళ్లు పెట్టే పని రంగనాయకులు తీసుకున్నాడు. బొగ్గుతో నల్ల మూతులు, సున్నంతో తెల్ల బొల్లి మచ్చలు చెంచులక్ష్మి దిద్దింది. ఆ ఏడు పుట్టిన గొర్రెపిల్లల్లో ఒక్కటీ వదల్లేదు. కర్రిది, బొల్లిది, కుంటిగొర్రె పిల్ల, చెవి మీద తెల్ల చుక్క ఉన్న చుక్కచెవిది, అన్నీ గంపలో బోద పరుచుకొని ఇంటికొచ్చాయి.

"ఎట్ల ఉండయమా?"

శ్రీశైలమ్మ చూసింది. చుక్కచెవిది అచ్చం చుక్కచెవి దాని మాదిరే మెడ వంచి నిలబడి ఉంది. ముచ్చటేసింది, ఆ వెంటనే భయమేసింది.

"ఇవి విరిగితేనో?"

"విరిగితే ఇంకోటి చేసుకుంటాం."

అది పిల్ల జవాబు. తల్లికి ఆ జవాబు చాల్లేదు. బొమ్మకు అయింది గొర్రెపిల్లకు కాదని ఎవరు చెప్పొచ్చారు? గంపను అటక మీద పెట్టింది. పిల్లి తోస్తుందేమోనని దించి మూలన పెట్టింది. కోడి ఎక్కుతుందేమోనని మళ్లీ అటక మీద పెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం ఇంకోసారి చూసుకుందామని గంప దించి, చుక్కచెవి దాన్ని చేతిలోకి తీసుకుంటే ముందు కాలు పుటుక్కున విరిగింది.

శ్రీశైలమ్మ అటూ ఇటూ చూసింది. కాలినీ బొమ్మనీ గంప అడుగున దాచి, పైన బోద కప్పింది.

ఆ సాయంత్రం చెంచులక్ష్మి గంపా చేటా పట్టుకొని దొడ్డి వాకిట్లో కూచుంది. ఒక్కో గొర్రెపిల్ల లోపలికి పోతుంటే దాని బొమ్మను గంపలోంచి తీసి చేటలో పెడుతోంది. బడిలో ఒక్కో పలక ఇచ్చినప్పుడల్లా ఒక్కో గింజ పక్కన పెట్టి, పలకలు అందరికీ ముట్టాయో లేదో టీచరమ్మ అట్లాగే చూపించిందట. నోటితో ఒక్క అంకె లేదు. ఓబులయ్య కర్ర మీద గడ్డం ఆనించి వింతగా చూస్తున్నాడు. గొర్రెలన్నీ లోపలికి పోయాయి. చెంచులక్ష్మి బోదలో చెయ్యి పెట్టి తడిమింది.

"నాయనా, చుక్కచెవిది రాలా." బొమ్మను పైకి తీసింది. "అమా, దీని కాలేమైంది?"

శ్రీశైలమ్మ దొడ్డి వాకిట్లోనే కూలబడింది.

"నా చేతుల్లోనే విరిగిందే! నేను అనుకుంటానే ఉండా. పాణమున్న వాటికి బొమ్మలేంది, గొర్రెలోళ్ల పిల్లకు ఈ ఆటలేంది? విను, ఆ పిల్ల పాణంతో కనపడకపోతే రేపట్నుంచి నువ్వు బడి గడప తొక్కేది లేదు. ఇంట్లో కూచొని పేడ ఎత్తు, చాలు."

చెంచులక్ష్మి ఏడవలేదు. విరిగిన బొమ్మను పావడాలో చుట్టుకొని, "పొద్దున అవి బడి పక్కగా పోయినాయి నాయనా," అంది.

వాగువంక ఒడ్డున వెతుకుదామన్నాడు ఓబులయ్య. చెంచులక్ష్మి మాత్రం బడి వైపే పరుగెత్తింది. దాని వెనక తల్లి, ఆమె వెనక తండ్రి. మసక వెలుతురులో ప్రతి పొదా శ్రీశైలమ్మకు తోడేలు లాగే కనబడింది. బడి వెనక ముళ్లకంప దడిలో ఒక సందు ఉంది. ఆ సందుకు అవతల, గోరుచిక్కుడు మడి నడుమ, చుక్కచెవిది కాళ్లు ముడుచుకొని పడుకొని ఉంది. కడుపు తప్పెట మాదిరి ఉబ్బి ఉంది. నోట్లో ఇంకా ఒక ఆకు ఆడుతోంది.

శ్రీశైలమ్మ దాన్ని ఎత్తుకొని ముందు కాలు తడిమింది. రెండో కాలు తడిమింది. నమ్మకం కుదరక మళ్లీ మొదటి కాలు పట్టుకొని వంచి చూసింది. అది విసుగొచ్చి ఆమె పొట్టలో ఒక్క తన్ను తన్నింది.

"తన్నింది!" అంది శ్రీశైలమ్మ, ఎవరో వరమిచ్చినట్టు.

అప్పుడు ఏడ్చింది చెంచులక్ష్మి. మడిలో ఒక్క మొక్కకూ తల లేదు. "అందరం నీళ్లు పోసినాం. రేపు అందరికీ చూపిస్తామని టీచరమ్మ చెప్పింది. ఇంక నన్ను బడికి రానియ్యరు."

ఆ మాటతో శ్రీశైలమ్మ భయం అటునుంచి ఇటు తిరిగింది. నిజమే, రానియ్యకపోతే? అలికిడి విని దయామణి టీచరమ్మ దీపం పట్టుకొని బయటికి వచ్చింది. గొర్రెపిల్లను చంకన పెట్టుకొనే శ్రీశైలమ్మ ఆమె ముందుకు పోయింది.

"టీచరమ్మా, తల్లీ, మా పాపను బడి మానిపించబాక. తప్పు పాపది కాదు, ఈ తిండిపోతుది."

"ఎవరు మానిపిస్తామన్నారక్కా?"

చెంచులక్ష్మి ముక్కు తుడుచుకుంటూ తల్లి మొహంలోకి చూసింది. ఓబులయ్య దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు.

టీచరమ్మ దీపం వంచి మడిని చూసింది. ఆమె మొహం చిన్నబోయింది. పిల్లల కష్టం కదా. ఓబులయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, చుట్టుపక్క ఊళ్ల సేద్యగాళ్లు గింజలిచ్చి మరీ మా మందను పొలాల్లో పండబెట్టుకుంటారు. ఎరువుకు. మీ మడిలో ఊరకే పండబెడతాం. ఆ పైన విత్తనం ఏసి చూడు, మీ పిల్లోళ్ల నడుం దాకా లేస్తాది."

"అయితే రేపు ఆ సంగతి కూడా మీ పాపే చెప్పాలి," అంది టీచరమ్మ.

శనివారం కొట్టం నిండింది. శ్రీశైలమ్మ వెనక గోడ కాడ, పైన వాసం లేని చోటు చూసుకొని కూచుంది. రంగనాయకులు కాడి ఎట్ల కడతారో చూపించాడు. ఎలీషబా అనే పిల్ల చాప అల్లిక చూపించింది. చెంచులక్ష్మి లేచి, తినేసిన మడి సంగతి ముందే చెప్పేసింది. మంద పండితే భూమికి ఏమొస్తుందో చెప్పింది. తర్వాత గంపలోంచి బొమ్మల్ని తీసి చేటలో పెడుతూ పేరు పేరునా పిలిచింది. రంగనాయకులు పెదాలు కదులుతున్నాయి.

"లెక్కబెట్టబాకరా!" అని వెనక నుంచి శ్రీశైలమ్మ కేక పెట్టింది. కొట్టమంతా గొల్లున నవ్వింది. ఆ పిల్లవాడు గబుక్కున నోరు మూసుకొని, చేటలోకి వేలు చూపించాడు.

"టీచరమ్మా, ఆ చుక్కచెవి దాని కాలు నేను చేసింది కాదు. ఏనుగు కాలు మాదిరి ఉండాది."

"మా అమ్మ పెట్టింది," అంది చెంచులక్ష్మి.

"ఎండిన మట్టికి కాలు ఎట్ల అతికింది?" టీచరమ్మ వెనక్కి చూసింది. "అక్కా, ముందుకొచ్చి పిల్లలకు చెప్తారా?"

శ్రీశైలమ్మ చుట్టూ చూసింది. వేరే అక్క ఎవరూ లేవలేదు. లేచి కొంగు సవరించుకొని, వాసాల వైపు ఒకసారి చూసుకొని, పిల్లల ముందు నిలబడింది. ఉయ్యాల ఊపడానికి వెళ్లిపోయిన నాటి నుంచి ఆమె మళ్లీ బడిలో నిలబడటం ఇదే మొదటిసారి.

"విరిగిన కాడ తుమ్మముల్లు గుచ్చినా," అంది సన్నగా. "అదే ఎముక అనుకోండి. దాని మీద పల్చటి మట్టి, ఆ పైన గట్టి మట్టి." గొంతు కాస్త పెరిగింది. "ఎండలో పెట్టగూడదు, నీడన ఆరాల. ఇంకోటి వినండి. ఆ ముల్లు మీరు ముట్టబాకండి, గుచ్చుకుంటాది. పెద్దోళ్లను అడగండి. మా పాపకు కావాలంటే సోమవారం నేనే వచ్చి గుచ్చిపోతా."