పుట్టిలో సుగుణ

శక్తినగర్ విద్యుత్ కేంద్రంలో గుమాస్తా అయిన రత్నకుమారి, తాను పాఠాలు చెప్పే సండే స్కూల్ పిల్లల కోసం ఒక సాహస కథ రాసింది. కృష్ణ వరదలో పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, కొట్టుకుపోతుంటే, అందులో తమ్ముడితో ఉన్న సుగుణ ప్రార్థిస్తుంది. వెంటనే వరద తగ్గిపోతుంది.

కథ విని పదకొండేళ్ల రూప మూతి ముడిచింది. "అంతా దేవుడే జేస్తే సుగుణ ఏం జేసినట్లు టీచర్?"

పిల్ల అడిగిందాంట్లో న్యాయం ఉందనిపించింది రత్నకుమారికి. వారమంతా కూర్చుని ముగింపు తిరగరాసింది. ఈసారి వరద తగ్గలేదు. ప్రార్థించాక సుగుణ చేతుల వణుకు తగ్గింది. తెడ్డందుకుని తమ్ముణ్ణి ఒడ్డుకు చేర్చింది.

మరుసటి ఆదివారం ఆమె చదువుతుంటే పిల్లలెవరూ కదల్లేదు.

"గిప్పుడు దేవుడు పుట్టిలనే కూసున్నట్లుంది టీచర్," అంది రూప.

రత్నకుమారి ఇక ఎవరి అభిప్రాయమూ అడగలేదు. ధీమాగా కథను అచ్చుకు పంపింది.