నిలబడినా టికెట్టే

స్టూలు లాక్కుని కూర్చున్నాకే ఆవిడ నోరు విప్పుతుంది. నిలబడి అడిగితే మంచం మీదున్న మనిషి తల పైకెత్తి చూడాలి, అది ఆవిడకు నచ్చదు. కూర్చుని, కాళ్ళు రెండూ స్టూలు కిందికి ముడుచుకుని, చేతిలోని కాగితాలు ఒళ్ళో బోర్లా పెట్టుకుని మొట్టమొదట చెప్పే మాట ఒకటే.

"వద్దంటే వద్దే. మీ మందులు మారవు, నర్సులు మొహం మాడ్చుకోరు, నేనూ ఏమీ అనుకోను."

ఆ మాట దాకా రానిచ్చేవాళ్ళే తక్కువ. ఆ ఉదయం మొదటి గదిలో ఒక పెద్దావిడ కళ్ళు మూసుకునే చెయ్యి అడ్డంగా ఊపింది. రెండో గదిలో కొడుకు గుమ్మానికి అడ్డం నిలబడి, "మా అమ్మ మీద ప్రయోగాలా?" అని కస్సుమన్నాడు. "సరే బాబూ" అని ఆవిడ వెనక్కి తిరిగింది.

జబ్బు ఇక నయం కాదని తేలినవాళ్ళను బాధ లేకుండా చూసుకునే ఆసుపత్రి అది. ఆయాసపడేవాళ్ళ మొహానికి అరచేతిలో పట్టేంత ఫ్యాను గాలి తగిలితే ఊపిరి కాస్త తేలికపడుతుందా లేదా అన్నది అక్కడి డాక్టర్లు తేల్చుకోవాలనుకుంటున్నారు. అందుకు మనుషుల్ని అడగడం ఆవిడ పని. ఒప్పించడం కాదు, అడగడమే. ఒప్పించకూడదని గట్టి నియమం. ఆయాలు ఆవిడకు 'అడిగే ఆవిడ' అని పేరు పెట్టేశారు, అసలు పేరు వాళ్ళెవరికీ గుర్తులేదు.

అంతకుముందు చాలా ఏళ్ళు ఇంటింటికీ తిరిగి మీరు ఏ సబ్బు వాడతారని అడిగిన మనిషి. మొహం మీదే తలుపు వేయించుకోవడం కొత్తేం కాదు. ఇంట్లో మాత్రం ఎవరినీ మంచినీళ్ళు కూడా అడగదు. "నీ అడగడాలన్నీ డ్యూటీలోనే ఖర్చైపోతాయి" అని మొగుడు ఏడిపిస్తాడు. యాభై దాటాయి, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, వాటికీ అలవాటు పడిపోయింది. ఒక్క గుబులు మాత్రం వదల్లేదు. మిగిలిందే నాలుగు రోజులైన మనిషి దగ్గర అరగంట అడిగి పుచ్చుకోవడం దొంగతనంతో సమానం కాదా అని.

మూడో గదిలో పెద్దాయన మూడు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, పక్కటెముకలు ఎగిసెగిసి పడుతున్నాయి. కూతురు ఆయన గోళ్ళు కత్తిరిస్తోంది. కుడిచేతి బొటనవేలు దగ్గరికి రాగానే ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఆ ఒక్కటీ... ఉంచవే."

కూతురు విసుక్కుంటూ తలెత్తి గుమ్మంలో ఆవిడను చూసింది. "నాన్న అలిసిపోయి ఉన్నారండీ. ఏదైనా ఉంటే నన్నడగండి."

"నన్నే... అడగనీ" అన్నాడు పెద్దాయన. "అందరూ నాకు... చేసిపెట్టేవాళ్ళే. అడిగేవాళ్ళు... లేరు."

ఆవిడ స్టూలు లాక్కుంది. వద్దంటే వద్దేనని మొదలుపెట్టి అంతా నిదానంగా చెప్పింది. ఒప్పుకున్నవాళ్ళలో సగంమందికి ఫ్యాను ఈరోజే, మిగతా సగానికి వారం తర్వాత. ఎవరికి ఎప్పుడన్నది అంటించిన కవరులో ఉంటుంది, తెరిచేదాకా ఎవరికీ తెలియదు. రోజూ వచ్చి ఊపిరి ఎలా ఉందో అడుగుతుంది. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానేయొచ్చు.

"ఆ గాలి పనిచేస్తుందో లేదో మాకూ తెలీదు బాబాయిగారూ. తెలిస్తే అడక్కుండానే ఇచ్చేసేవాళ్ళం. ఇప్పుడు నేను చెప్పింది మీ మాటల్లో ఓసారి చెప్పండి."

ఆయన కాసేపు గాలి పోగుచేసుకున్నాడు. "సీటు... ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మధ్యలో... ఎక్కడైనా దిగొచ్చు. అంతేగా?"

"బస్సు కండక్టరుగా చేశారు లెండి" అంది కూతురు, సంజాయిషీలాగా.

"టికెట్ అడిగితే చాలు... అందరూ కిటికీలోంచి... బయటికి చూసేవాళ్ళు."

"నన్ను చూస్తే నిద్ర నటిస్తారు బాబాయిగారూ" అంది ఆవిడ. ఆయనకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు దగ్గు. కూతురు వీపు నిమిరింది. దగ్గు తగ్గాక ఆయన వేళ్ళు పైకెత్తి, గొంతులో మిగిలిందంతా కూడదీసుకుని అన్నాడు.

"రైట్... రైట్."

సంతకం వంకరగా పడింది. ఆవిడ కవరు తెరిచింది. వారం తర్వాత అని ఉంది. మొహంలో ఏమీ కనబడనివ్వకూడదని ఆవిడ ఒళ్ళోని కాగితాలు సర్దుకుంది.

"ఇంతసేపు కూర్చోబెట్టి, ఫ్యాను ఇవ్వరా?" కూతురు గొంతు లేచింది. "వారం అంటే..." అని ఆగిపోయింది. అనని మాట ముగ్గురికీ వినబడింది. "నేనే బజార్లో కొనుక్కొస్తా నాన్నా."

"కొనుక్కోవచ్చమ్మా, ఎవరూ కాదనరు. కొన్నారని రాసుకుంటానంతే" అంది ఆవిడ.

"వద్దే" అన్నాడు పెద్దాయన. "బస్సులో అందరికీ... సీటు దొరుకుతుందా? నిలబడ్డవాళ్ళు కూడా... టికెట్ కొన్నవాళ్ళే."

ఖాళీ కవరు అడిగి తీసుకున్నాడు. అంచు మడిచి, బొటనవేలి గోరుతో నొక్కి, చర్రున చింపాడు. సంతకం వంకరపోయినా చిరుగు మాత్రం తిన్నగా వచ్చింది. ఆ ముక్క ఆవిడ చేతిలో పెట్టాడు.

"దాచుకో తల్లీ... చెకింగ్ వస్తే... చూపించాలి."

ఆ సాయంత్రం ఇల్లు చేరి చెప్పులు విప్పుతూ, "కాస్త టీ పెట్టిస్తారా?" అని అడిగింది ఆవిడ. మొగుడు ఆవిడ వంక వింతగా చూసి వంటింట్లోకి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున మూడో గదిలో కిటికీ తెరిచి ఉంది. పరుపు మీద దుప్పటి లేదు. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడట. కూతురు సంచిలో బట్టలు సర్దుతోంది. నిన్న ఆయన దగ్గర పుచ్చుకున్న అరగంట ఆవిడకు గుర్తొచ్చింది. క్షమించమందామని గుమ్మంలో తటపటాయించింది.

కూతురే ముందు మాట్లాడింది. "రాత్రి వచ్చినవాళ్ళందరికీ నాన్న చెప్పుకున్నారండీ, 'నేను డ్యూటీలో ఉన్నా' అని. ఎన్నాళ్ళయిందో ఆయన మొహం అలా వెలగడం చూసి." చొక్కా మడత పెట్టబోయి ఆగింది. "కానీ ఒక్క రోజు కూడా పూర్తిగా చెయ్యలేదు కదా. ఆయన్ని లెక్కలోంచి తీసేస్తారా?"

ఆవిడ చేసే పనిలో ఆవిడకు బాగా నచ్చిన నియమం ఒక్కటే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది.

"తియ్యమమ్మా. కవరు తెరిచామంటే ఎక్కినట్టే. ఉన్నా, దిగిపోయినా, చివరిదాకా మీ నాన్నగారు లెక్కలో ఉంటారు."

కూతురు స్టూలు మీద కూలబడి, చొక్కా మొహానికి అదుముకుని ఏడ్చింది. గదిలో ఉన్నది ఆ ఒక్క స్టూలే. ఆవిడ పక్కనే నిలబడి, ఏడుపు తగ్గేదాకా ఆ పిల్ల భుజం మీద చెయ్యి తీయలేదు.

తర్వాతి గదిలో ఎవరో కొత్తగా చేరారు. ఆవిడ స్టూలు లాక్కుని, కాళ్ళు ముడుచుకుని, కలం కోసం కోటు జేబులో చెయ్యి పెట్టింది. వేళ్ళకు కలం కంటే ముందు తగిలింది సన్నటి కాగితం ముక్క, ఒక అంచున గోటి నొక్కు ఇంకా అలాగే ఉంది.