ఖాళీ హెడర్

అల్మాటీ కొండల్లోని మంచు సరస్సులను కాచుకునే కార్యాలయానికి మోల్దిర్ ఒక్కతే ప్రోగ్రామరు. సరస్సు గట్టు ఎన్నాళ్ళు ఆగుతుందో లెక్కగట్టే ప్రోగ్రాము పాత యూనిక్స్ యంత్రంలో పదిహేనేళ్ళుగా నడుస్తోంది. ఆ వేసవిలో యంత్రం మూలుగుడు మొదలుపెట్టింది. శుక్రవారానికల్లా అంతా కొత్తదానిలోకి మార్చాలని పై అధికారి పట్టుబట్టాడు.

ప్రోగ్రామును కొత్తదానిలో నడిచేలా కంపైలు చేయబోతే ఒక హెడర్ ఫైలు దొరకలేదంటూ ఆగిపోయింది. ఏ ఫంక్షను ఎలాంటి జవాబిస్తుందో ముందే చెప్పే ఫైలది; పాత యంత్రంతోనే వచ్చింది, కొత్తదానిలో లేదు. మోల్దిర్ అదే పేరుతో ఒక ఖాళీ ఫైలు పెట్టేసింది. కంపైలరు నోరు మూయించడానికి ఈ వృత్తిలో అందరికీ తెలిసిన దొంగదారే. తర్వాత నింపుదాంలే అనుకుంటారు, ఆ తర్వాత ఎవరికీ తీరికుండదు. నాలుగు హెచ్చరికలు వచ్చాయి, ప్రోగ్రాము నడిచింది. ఆమె చదవకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

పై వారం ఓరల్‌బెక్ రేడియోలో పిలిచాడు. భార్య బిబిసారాను కింద ఊళ్ళో ఉంచి, సరస్సు ఒడ్డున గుడిసెలో ఉంటూ నీటిమట్టం కొలిచే పెద్దాయన. పెద్దాయనను ఆగా అని, పెద్దామెను అపా అని పిలుస్తారక్కడ.

"ఏమ్మా మోల్దిర్, నీళ్ళు జోరుగా పెరుగుతున్నాయి. నీ డబ్బా ఏమంటోంది?"

"ఇంకో వారం దాకా ఢోకా లేదంటోంది, ఆగా."

"నా మోకాళ్ళు మాత్రం దిగిపొమ్మంటున్నాయే!"

"మీ మోకాళ్ళకి బిబిసారా అపా వంట గుర్తొచ్చుంటుంది."

అతడు పగలబడి నవ్వాడు. "సరేలే, నువ్వు చెప్పావుగా. ఉంటాను."

మర్నాడు మధ్యాహ్నం గట్టు తెగింది. కింది ఊళ్ళు ఎలాగో బతికి బయటపడ్డాయి. గుడిసె ఆనవాలు కూడా మిగల్లేదు. ఓరల్‌బెక్ శవాన్ని మూడో రోజున బురదలోంచి తీశారు.

అప్పుడు చదివింది మోల్దిర్ ఆ నాలుగు హెచ్చరికలు. జవాబు దశాంశాల్లో వస్తుందని చెప్పాల్సిన హెడర్ ఖాళీగా ఉండటంతో, యంత్రం దాన్ని మామూలు పూర్ణాంకంగా తీసుకుని తప్పుడు లెక్క చూపించింది.

ఏడో రోజు భోజనాలయ్యాక చుట్టాలు వెళ్ళేదాకా ఆగి, బిబిసారా ఎదుట కూర్చుంది.

"అపా, తప్పు నాది. ఒక ఫైలు లేకపోతే ఖాళీది పెట్టాను. అందుకే లెక్క తప్పింది. దిగొస్తానన్న మనిషిని నేనే ఆపాను."

ముసలామె ఎంగిలి గిన్నెలు పక్కకు జరిపింది.

"ఆ ఫైలు సరిగ్గా రాయాలంటే ఎంతసేపు పట్టేది?"

మోల్దిర్‌కు అబద్ధం నోటిదాకా వచ్చింది.

"పది నిమిషాలు, అపా."

బిబిసారా టీ కెటిల్ అందుకుంది. ఇంకాసేపు ఉండాలని తాము కోరుకునే అతిథికి అక్కడ గిన్నెలో అడుగునే కాస్త పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోస్తారు; నిండా పోస్తే ఇక వెళ్ళమని. ఆమె మోల్దిర్ గిన్నెను అంచుదాకా నింపి ముందుకు జరిపింది. మోల్దిర్ ఆ వేడి టీని ఆగకుండా తాగేసి, లేచి, చెప్పులు వేసుకుంది.