అత్తయ్యకు వినిపించిన రికార్డు

"అరలన్నీ తుడువు గానీ, ప్లేయర్ మీద మాత్రం చెయ్యి వెయ్యకు" అన్నాడు భర్త, ప్రతి ఆదివారం పొద్దున అన్నట్టే. ఆమె తలూపి పొడిగుడ్డ చేతిలోకి తీసుకుంది. ఆ గదిలో గోడ పొడవునా ఆయన రికార్డులే. వాటి మీద దుమ్ము ఆమెది, వాటిలో సంగీతం ఆయనది. సాయంత్రమైతే ఆయన స్నేహితులు వచ్చి, కళ్ళు మూసుకుని, గాలి కదిలినట్టుండే నెమ్మదైన పాటలు వింటారు. మూల పడక్కుర్చీలో అత్తగారు కూర్చుని తలాడిస్తూ ఉంటుంది. కోడలు టీలు అందిస్తూ, ఖాళీ కప్పులు ఏరుతూ, చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద తిరుగుతుంది. ఒకసారి గుమ్మంలో నిలబడి విని, బాగుందండీ అంది. ఆయన కళ్ళు తెరవకుండానే, "నీకు అర్థం కావడానికి టైం పడుతుందిలే, వంటింట్లో ఏదో మాడుతోంది చూడు" అన్నాడు. ఏమీ మాడటం లేదు. అయినా వెళ్ళి చూసి వచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఆయన అన్న మాటకు కాదు, పొయ్యి మీద ఏమీ లేదని తెలిసీ వెళ్ళి చూసినందుకు.

ఆమె ఉద్యోగం కట్టుడు పళ్ళు తయారుచేసే చోట. రోజంతా చిన్న మోటారుతో పళ్ళు అరగదీసి నునుపు చేయడమే పని. "ఆ ట్రేలు కూడా కడిగెయ్యమ్మా, ఆడవాళ్ళ చేతి శుభ్రం మగవాళ్ళకి రాదు" అని యజమాని మెచ్చుకున్నట్టే అంటాడు. ఆమె కడుగుతుంది. పక్క బల్ల దగ్గరి అమ్మాయిని అందరూ పిడుగు అంటారు. ఆ పిల్ల మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, యజమాని మాట వినపడనట్టే కూర్చుంటుంది. ఒకరోజు ఆమె ట్రేలు కడిగి తడిచేతులతో వచ్చి, ఏం వింటావే అంతలా అని అడిగింది. పిడుగు హెడ్‌ఫోన్స్ తీసి ఆమె చెవులకు తగిలించింది.

మొదట మోటారు చెడిపోయిందేమో అనుకుంది. గిన్నెల బీరువాని ఎవరో మేడమెట్ల మీద నుంచి దొర్లించినట్టు డ్రమ్ములు, తడికర్రని కోస్తున్న రంపంలా గిటార్లు, కడుపులోంచి తన్నుకొచ్చే మగ గర్జన, దాన్ని చీల్చుకుంటూ ఒక ఆడగొంతు. అంతలోనే ఆగింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆగింది. ఆమెకు ఎందుకో నవ్వు ఆగలేదు.

"బాగుందే పాట. ఇంకోటి పెట్టు."

"ఇంకోటేంటక్కా, నాలుగైపోయాయి."

అది పిడుగు పుట్టకముందు ఎవరో కుర్రాళ్ళూ ఒక అమ్మాయీ కలిసి చేసిన రికార్డట. రెండు వైపులా కలిపి, తీరిగ్గా స్నానం చేసినంతసేపట్లో అయిపోతుంది. ఆ రకం సంగీతాన్ని గ్రైండ్‌కోర్ అంటారని, అంటే నూరిపారేయడమేనని పిడుగు చెప్పింది. మనం పొద్దస్తమానం చేసేదీ అదేగా అంది ఆమె. ఇంటికెళ్ళే బస్సులోనూ ఆ చప్పుడు వదల్లేదు. తనకెందుకు నచ్చిందో మెల్లమెల్లగా తెలిసింది. అందులో ఎవరూ ఎవర్నీ బతిమాలరు. చెప్పదలుచుకున్నది చెప్పేసి, తలుపు ధడేలుమని వేసి వెళ్ళిపోతారు. తానో? ఎవరేమన్నా అప్పటికి "పర్లేదండీ" అనేస్తుంది. ఆ తర్వాత గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ, ఇవ్వని జవాబుని రాత్రిదాకా దిద్దుకుంటూ ఉంటుంది. ఇన్నేళ్ళలో అలా దిద్దిన జవాబులన్నీ కలిపితే ఆయన అరలన్నీ నిండిపోతాయి. వీళ్ళు ఒక్కటీ దాచుకోలేదు. ఇంత కోపంలో ఇంత సంతోషం ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పిడుగు తన దగ్గర ఆ రికార్డులు రెండున్నాయని ఒకటి ఇచ్చేసింది. సూది ఎలా దించాలో కూడా నేర్పింది. తన సెలవురోజున, ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఆమె ప్లేయర్ మీద చెయ్యి వేసింది. అత్తగారు పడక్కుర్చీలోనే ఉంది. తిడుతుందేమోనని ఒక చెయ్యి మీట మీదే ఉంచుకుంది. డ్రమ్ములు మొదలయ్యాయి. అత్తగారు ఉలిక్కిపడి, రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనించింది.

"అమ్మాయ్, ఇది నాకు వినిపిస్తోంది" అంది.

రెండోసారి పిలిస్తే గానీ అత్తగారు పలకకపోవడం పెద్దరికం అనుకుంది కోడలు ఇన్నాళ్ళూ. పాట ఆపి, చెవి దగ్గర నోరు పెట్టి అడిగితే అంతా బయటికొచ్చింది. సన్నని చప్పుళ్ళు పోయి చాలా కాలమైందట. ఆదివారాలు వాళ్ళ తలలు ఎటు ఊగితే తన తలా అటు ఊపుతోందట.

"మరి ఆయనతో చెప్పలేదా అత్తయ్యా?"

"ఒకసారి మొదలుపెట్టాను. పాట మధ్యలో మాట్లాడకమ్మా అన్నాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. మళ్ళీ పెట్టు, మొదట్నించీ, అంది అత్తగారు.

ఆ ఆదివారం స్నేహితులంతా సర్దుకుని కళ్ళు మూసుకోబోతుంటే, "ఇవాళ మా రికార్డు వెయ్యరా" అంది అత్తగారు, పైఇంటికి వినపడేంత గట్టిగా. మీ రికార్డేమిటి అన్నట్టు ఆయన తల్లి వైపు చూశాడు. కోడలు అప్పుడే టీ ట్రేతో గదిలోకి వచ్చింది. ఆ ట్రే ఆయన చేతుల్లో పెట్టింది. అర చివర దాచిన రికార్డు తీసి ప్లేయర్ మీద వేసింది. సూది జాగ్రత్త అన్నాడు గానీ, చేతుల నిండా కప్పులు.

గది దద్దరిల్లింది. మూసుకోబోయిన కళ్ళన్నీ తెరుచుకున్నాయి. ఒకాయన బాల్కనీలోకి పారిపోయాడు. లావుపాటాయన మోకాలు తనకు తెలియకుండానే ఆడింది. అత్తగారు కుర్చీ చేతి మీద దరువేస్తోంది, ఈసారి ఎవరి తల వైపూ చూడకుండా. ఒక వైపు అయిపోయింది.

"ఇదేం సంగీతం? గోల" అన్నాడు ఆయన.

ఆమె ఆ మాటని అత్తగారి చెవిలో వేసింది.

"గోలేరా. నాకు వినపడే గోల. నీ పాటలు నాకు చెవిన పడి ఎంత కాలమైందో ఎప్పుడైనా అడిగావా?"

ఆయన ఎంత కాలమైందమ్మా అని చాలా మెల్లగా అడిగాడు. తల్లికి వినపడలేదు. అప్పుడు ట్రేతో సహా వంగి, ఆవిడ చెవి దగ్గర, జీవితంలో మొదటిసారి గట్టిగా అడిగాడు.

లావుపాటాయన ఆ ట్రేలోంచి తీసుకున్న టీ ఇదంతా చూస్తూనే ముగించి, అలవాటుగా ఖాళీ కప్పు ఆమె వైపు చాపాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఆయనకివ్వండి" అంది, "నేను రెండో వైపు వెయ్యాలి."