ఒక్క గుక్క గాలి

పొద్దున్నే చెల్లెల్ని వంటగది కిటికీ దగ్గర కూర్చోబెట్టి చేతులకు మందు రాయడం అక్కకు అలవాటు. మైనమూ నూనే కలిపి కాచి చల్లార్చిన మందు. రోజంతా ఉప్పునీళ్ళలో నాని చెల్లెలి చేతులు వేళ్ళ సందుల నుంచి మోచేతుల దాకా బీటలు వారాయి.

"ఈ చేతులతో మీ ఆయన తల నిమిరావంటే ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడొస్తాయే" అంది అక్క, మోచేతి దాకా మందు పట్టిస్తూ.

"ఆయన తల నిమిరే తీరికెక్కడిది నాకు?" అని నవ్వి, చెల్లెలు క్యారేజీ అందుకుని పరుగెత్తింది.

అక్క ప్రేమ, చెల్లెలి నొప్పి, గిన్నెడు మందు. ఇందులో కూడా తప్పు వెతికితే కళ్ళు పోతాయని చదువరులు అనవచ్చు. నిజమే, తప్పు ఆ వంటగదిలో లేదు. కానీ ఆ రోజు బయటపడ్డ కీడు మొదలైంది మాత్రం అక్కడి నుంచే.

చెల్లెలు పనిచేసేది సముద్రపు చేపల గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే హేచరీలో. అక్కడ ఎనిమిది గుండ్రటి నల్లటి ట్యాంకులుంటాయి. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల నువ్వుగింజంత పొడవు, దారప్పోగంత మందం. ఒళ్ళంతా నీళ్ళలాగే ఉండడంతో రెండు నల్లటి చుక్కలు తప్ప ఏమీ కనబడవు. అందుకే అక్కడివాళ్ళు వాటిని పిల్లలనరు, 'కళ్ళు' అంటారు. 'మూడో ట్యాంకులో కళ్ళు మేత తింటున్నాయి' అంటే కొత్తవాళ్ళు హడలిపోతారు.

ట్యాంకు లోపలి గోడలకు పట్టే జిగురును స్పాంజితో తుడవడం చెల్లెలి పని. మోచేతుల దాకా నీళ్ళలో పెట్టాలి. గోడకు తగిలించిన గ్లవ్స్ పెట్టె ఖాళీ అయి నాలుగు నెలలైంది. ఒకసారి అడిగితే మేనేజరు, "చేతులకి కూడా చొక్కాలు కావాలా మహారాణి గారికి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె మళ్ళీ అడగలేదు.

అడగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మూడేళ్ళ క్రితం దాకా అక్క కూడా అక్కడే పనిచేసేది. ఒకరోజు పొరపాటున ఒక ట్యాంకు గాలి వాల్వు కట్టేసింది. పది నిమిషాల్లో గుర్తొచ్చి, తానే పరుగెత్తుకెళ్ళి మేనేజరుకు చెప్పింది. కళ్ళు బతికాయి గాని అక్క ఉద్యోగం బతకలేదు. అప్పటి నుంచీ ఆవిడది ఒకటే పాట. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ హేచరీలో మాత్రం మూసుకున్న నోరే మంచిది."

ఆ రోజు కళ్ళకు నాలుగో రోజు. సూక్ష్మదర్శిని దగ్గర కూర్చునే మేడమ్, పనివాళ్ళు ముద్దుగా భూతద్దం మేడమ్ అనే ఆవిడ, ఒక్కో ట్యాంకు నుంచి ఇరవై కళ్ళు తీసి చూసింది. రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. తరువాత లేచి మేనేజరును పిలిచింది.

"ఇరవైలో మూడింటికే బుడగ ఉంది సార్."

ఆ బుడగ సంగతి అక్కడ అందరికీ తెలుసు. పుట్టిన కొద్ది రోజుల్లోపు ఆ పిల్ల ఒక్కసారి నీటి పైకొచ్చి ఒక్క గుక్క గాలి మింగాలి. మింగితే ఒంట్లో బుడగ ఏర్పడి నీళ్ళలో తేలుతుంది. మింగకపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఇక బతికినన్నాళ్ళూ మునిగిపోకుండా ఈదుతూనే ఉండాలి. వెన్ను వంకరపోయి, అలసి అడుగుకు చేరుతుంది.

"ఎంత టైముంది?" అన్నాడు మేనేజరు.

"రేపు సాయంత్రం దాకా. తరువాత మనం చేసేదేమీ లేదు."

మేనేజరు అందర్నీ వరసగా నిలబెట్టాడు. "ఇది ఎవరి నిర్వాకమో నాకు తెలియాలి. తెలిసిన మరుక్షణం వాళ్ళని గేటు దాటిస్తాను" అన్నాడు. చెప్పిన మనిషిని పంపేస్తానని చెప్పి, చెప్పమని అడగడం ఎంత తెలివైన పనో ఆయనకు తట్టలేదు. అందరూ తమ తమ చెప్పుల వైపు చూసుకున్నారు. "సరే. కళ్ళు నీరసించినట్టున్నాయి. మేతకి చేపనూనె రెట్టింపు పట్టించి మధ్యాహ్నం మూడింటికి పోయండి" అని వెళ్ళిపోయాడు.

చెల్లెలు స్పాంజి తీసుకుని ఆరో ట్యాంకు మీదికి వంగింది. కిటికీ నుంచి ఏటవాలుగా పడుతున్న వెలుతురులో నీటి మీద సన్నగా రంగులు మెరిశాయి. ఊదా, పచ్చ, పసుపు. ఆమె చేయి కదిపితే అవీ కదిలాయి. మూలకు వెళ్ళి బక్కెట్లో మంచినీళ్ళు పట్టి, అందులో తన చిటికెన వేలు ముంచింది. నీటి మీద అవే రంగులు విచ్చుకున్నాయి.

పై ప్రాణాలు పైనే పోయాయి. పొద్దున్న సబ్బుతో కడుక్కుంది, కానీ మైనం పట్టిన మందు సబ్బుకు లొంగుతుందా? నాలుగు రోజులుగా ఎనిమిది ట్యాంకుల్లోనూ ఈ చేతులే దిగాయి. నీటి కింద వేలవేల కళ్ళు పైకి వస్తున్నాయి, ఆ నూనె పొరను మూతితో పొడుస్తున్నాయి, చిల్లు పడక వెనక్కి జారుతున్నాయి. అవన్నీ తననే చూస్తున్నట్టు అనిపించింది. పైగా మూడింటికి మళ్ళీ నూనె. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

మధ్యాహ్నం గేటు దగ్గరికి పెరుగు గిన్నె పట్టుకుని అక్క వచ్చింది, పొద్దున్న తొందరలో చెల్లెలు మరిచిపోయిందని. చెల్లెలి మొహం చూడగానే, "ఏమైందే?" అంది.

చెల్లెలు ఊచల మధ్య నుంచి అంతా చెప్పింది.

"నోరెత్తకు" అంది అక్క. "నేను నోరు విప్పి ఏం బావుకున్నాను? ఎవరికీ తెలియదుగా. ఇంటికొచ్చాక మందు మానేద్దాం."

"మానేస్తే రేపటికి ఆ పొర పోతుందా అక్కా? అవి కక్కనూ లేవు, మింగనూ లేవు. నేనూ అంతే ఉన్నాను" అంది చెల్లెలు. "ఆ రోజు నువ్వు చెప్పకపోతే ఏమయ్యేది?"

అక్క ఊచ పట్టుకున్న తన చేతిని చూసుకుంది. వేళ్ళకు ఇంకా మందు జిడ్డు ఉంది. "అన్నీ తెల్లబడేవి" అంది మెల్లగా. చచ్చిన కళ్ళు తెల్లబడతాయి. "పోవే. రాసింది నేనని కూడా చెప్పు. నన్ను రెండోసారి ఏం తీసేస్తారు?"

మూడింటికి నూనె పట్టించిన మేత బక్కెట్లు ట్యాంకుల దగ్గరికి వచ్చాయి. మొదటి బక్కెట్టు వంచబోతుండగా చెల్లెలు అడ్డం వెళ్ళింది.

"పోయకండి. నీటి మీద నూనె ఉంది. నా చేతులదే. గ్లవ్స్ లేక మందు రాసుకుంటున్నాను" అని రెండు చేతులూ చాపింది.

బీటలు అందరికీ కనబడ్డాయి. మేనేజరు మొహం ఎర్రబడింది. "అయితే నువ్వేనన్నమాట. పద..."

"ఆమె ఒక్కతే కాదండీ." వెనక నుంచి గాలి పంపు చూసుకునే ముసలాయన గొంతు. ఆయన ముందుకొచ్చాడు. "పంపులోంచి కూడా నూనె కారి గాలి గొట్టంలో పడుతోంది. నాలుగు రోజులైంది. చెబితే పంపేస్తారని గుడ్డ చుట్టాను."

భూతద్దం మేడమ్ ఎవరి వంకా చూడలేదు. "గొట్టాలు మార్చండి. మెత్తటి కాగితాలు పరచి పొర లాగండి. తిట్లు రేపటికి దాచుకోండి సార్" అంది.

చీకటి పడేదాకా ఎనిమిది ట్యాంకుల మీద కాగితాలు పరుస్తూ, నూనె పీల్చుకున్నవాటిని లాగి పారేస్తూనే ఉన్నారు. మర్నాడు సాయంత్రం వరకూ చెల్లెలికి ముద్ద దిగలేదు. గడువు ముగిశాక మేడమ్ చూసి చెప్పింది. ఆరు ట్యాంకుల్లో ఇరవైకి పదమూడు, పద్నాలుగు కళ్ళకు బుడగ వచ్చింది. మిగిలిన రెండు ట్యాంకుల్లో మాత్రం అడుగున తెల్లటి దుమ్ము పేరుకుంది.

మేనేజరు నష్టాల రిజిస్టరు తెరిచాడు. కలం పట్టుకుని చెల్లెలి వంక చూశాడు.

మేడమ్ ఆ రిజిస్టరును తన వైపు తిప్పుకుంది. "రాయబోయే ముందు ఇది చూడండి సార్. మూడేళ్ళ క్రితం దాకా ప్రతి నష్టానికీ ఎదురుగా ఒక కారణం ఉంది. వల చిరిగింది, ఉప్పు ఎక్కువైంది, మేత ఆలస్యమైంది. వాల్వు కట్టేశానని చెప్పిన ఆవిడను గెంటేసిన రోజు నుంచి చూడండి. కారణం తెలియదు. తెలియదు. తెలియదు. పదకొండు ట్యాంకులు చచ్చాయి, ఒక్కదానికీ కారణం లేదు. తెలియక కాదు సార్. తెలిసినవాళ్ళు ఇక్కడే నిలబడి ఉన్నారు, మనల్ని చూసి భయపడుతున్నారు."

మేనేజరు చాలాసేపు ఆ పేజీలు తిరగేశాడు. చివరికి కారణం అన్న చోట 'పంపు నూనె, చేతి మందు, గ్లవ్స్ లేవు' అని రాశాడు. చెల్లెలి ఉద్యోగం ఉందో ఊడిందో మాత్రం చెప్పలేదు.

ఇంటికి రాగానే అక్క ఎదురొచ్చింది. "రేపు రమ్మన్నారా?"

"తెలియదక్కా" అంది చెల్లెలు. ఆమెకు నిజంగానే తెలియదు.

చెల్లెలు ఆ రాత్రి భయంతోనే పడుకుంది. నిజం చెప్పిన మనిషికి ఆ భయం మిగిల్చిన చోట, అది హేచరీ అయినా ఆసుపత్రి అయినా మన ఇల్లే అయినా, గుర్తుంచుకోవలసిన మాట ఒకటే. తప్పు ఒప్పుకున్నవాణ్ణి శిక్షించినంత మాత్రాన తప్పులు తగ్గవు, ఒప్పుకునేవాళ్ళు తగ్గిపోతారు.