బొగ్గుల మీది రాయి

నేనొక హద్దురాయిని నాయనా, మోకాలెత్తు నల్లరాయిని. నన్ను పాతిననాడు కుమ్మరి రాజలింగం తట్టెడు బొగ్గులు తెచ్చి గుంతలో పోశాడు. బొగ్గు కుళ్ళదు, చెదలు తినవు. రాయిని ఎవరైనా జరిపితే కింది బొగ్గే సాక్ష్యం చెబుతుంది.

నాకు పడమట గుట్టలు, తూర్పున వాగు. అవి ఏనాడూ కదల్లేదు. మనుషులకే కాలు నిలవదు! తాలూకాలన్నారు, మండలాలన్నారు, మొన్న జిల్లాలే మార్చారు. వచ్చిన ప్రతివాడూ నా మొహాన సున్నం కొట్టి కొత్త అక్షరాలు రాసిపోయాడు. ఒక్కడైనా గూడెంలోకి వెళ్ళి, మీరు ఎటువైపమ్మా అని అడిగాడా?

రోడ్డు వేసిన ఏడాది కాంట్రాక్టరు మనుషులు నన్ను పెకలించారు. పనయ్యాక, గడ్డపార సులువుగా దిగే మెత్తటి చోటు చూసుకుని వంద అడుగులు పడమటికి పాతేశారు. అంతే, మూడిళ్ళు అవతలి జిల్లాలో పడ్డాయి. ఆ జిల్లా పైపులేమో వాగు దాటి రావు.

అందులో ఒకటి రాజలింగం కోడలు ముత్తవ్వది. డెబ్బై ఏళ్ళ మనిషి వాగు ఇసుకలో గుంత తీసి, ఆ చెలిమెలో ఊరిన నీళ్ళు తోడుకుని బిందె మోస్తుంది. ఈ ఏడాది ఇవతలి జిల్లా వాళ్ళు నల్లా పైపుల కోసం తవ్వుతున్న కాలువ నా దగ్గరికి వచ్చి ఆగింది.

"రాయి దాకనే మా జిల్లా అవ్వా, ఆర్డర్ల గట్లనే ఉన్నది," అన్నాడు సర్వేయరు.

"రాయి నడిశింది బిడ్డా. మా మామ పోసిన బొగ్గులు నడుస్తయా? నా దొడ్డెనుక ఉన్నయ్, సూడు."

తవ్వింది. జానెడు లోతులో నల్లగా బయటపడ్డాయి. అతను అరచేతిలో నలిపి చూసి ఫోటో తీసుకున్నాడు.

"నిజమే అవ్వా. పైకి రాస్త. ఏడాది పడ్తది."

"గప్పటిదాక చెలిమె నువ్వు తోడుతవా?"

అతను బండెక్కి పోయాడు. ముత్తవ్వ పక్కిళ్ళ ఆడవాళ్ళను కేకేసింది. ముగ్గురూ గడ్డపారలతో నన్ను లేపి, ఆ మిట్టమధ్యాహ్నం దొర్లించుకుంటూ పోయి బొగ్గుల మీద నిలబెట్టారు.

"మళ్ళ మెత్తగున్న కాడికి ఉరికినవో, నీ మీద బట్టలుతుకుత!" అంది నాతో. నేనేదో నా కాళ్ళతో పోయినట్టు!

మర్నాడు కాలువ తవ్వించే మేస్త్రీ ఆర్డరు కాగితం చూశాడు. రాయి దాకా అని ఉంది. నన్ను వెతుక్కుంటూ దొడ్డి వెనక్కి వచ్చాడు, నా దాకా తవ్వించాడు. డెబ్బై ఏళ్ళ మనిషి కళ్ళెదుట నిలబడి చెబితే కదలని గడ్డపారలు, నోరులేని నన్ను చూసి కదిలాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

నల్లా వచ్చిన రోజు ముత్తవ్వ మొదటి చెంబు తాగలేదు. నా మొహాన పోసి, కొబ్బరిపీచుతో తోమి, ఆ సున్నపు అక్షరాలన్నీ కడిగేసింది.